ఈల ఆపమన్న మేస్త్రి

మా మేనమామని పంపుహౌసులో అందరూ చెవి మేస్త్రి అంటారు. కొత్తగా చేరినవాళ్ళు ఆ పేరు విని ఆయనకి చెవుడనుకుని గట్టిగా అరిచి మాట్లాడతారు. ఆయన కాసేపు అరవనిచ్చి, "బాబూ, నీ జేబులో ఉన్నది తాళాల గుత్తి, చిల్లర కాదు. నాకు వినబడుతోంది, ఇక మెల్లగా చెప్పు" అంటాడు.

పేరు పనిని బట్టి వచ్చింది. ఊరికి నీళ్ళు తోడే మూడు పెద్ద మోటర్లు ఆయన చేతి కింద ఉండేవి. పొద్దున్నే డ్యూటీకి రాగానే చొక్కా చేతులు మడిచి, మూరెడు పొడుగు స్క్రూడ్రైవరు మొనని బేరింగు గూటికి ఆనించి, పిడిని చెవి ముందున్న ఎముకకి నొక్కి, కళ్ళు మూసుకుని నిలబడేవాడు. మోటరుకి రెండు బేరింగులు, బేరింగుకి ఒక నిమిషం. ఆ కాసేపూ ఆయన్ని ఎవరూ పలకరించకూడదు. పలకరిస్తే తిట్టడు, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడతాడు. తిట్టినా బాగుండేదనిపిస్తుంది.

బేరింగంటే పెద్ద బ్రహ్మపదార్థమేం కాదు. తిరిగే ఇరుసుని మోసే రెండు ఉక్కు కడియాలు, మధ్యలో గోళీల్లాంటి గుండ్లు, వాటి చుట్టూ గ్రీజు. గ్రీజు ఎండినా, ఇసుక రేణువు పడినా, గుండు చిట్లినా చప్పుడు మారుతుంది. ఆ మార్పు మామూలు మనిషి చెవిన పడేసరికి పని అయిపోయి ఉంటుంది. మామయ్యకి మూడు వారాల ముందే తెలిసేది. "ఇది దాహంగా ఉంది" అంటే గ్రీజు కావాలని. "ఇది పళ్ళు కొరుకుతోంది" అంటే లోపల మట్టి చేరిందని. ఇరవై ఆరేళ్ళలో ఆయనకి చెప్పాపెట్టకుండా పోయిన బేరింగు ఒక్కటి లేదు. ఆయనకి ఉన్న ఆస్తి, గొప్ప, పొగరు అన్నీ ఆ ఒక్క మాటే.

ఇంట్లో ఆ పేరుకి విలువ లేదు. "రెండు వీధుల అవతల మోటరు దగ్గితే లేచి కూర్చుంటారు. పక్కన నిలబడి నేను నాలుగుసార్లు పిలిస్తే పలకరు" అనేది అత్తయ్య.

"అంటే నువ్వు బాగానే నడుస్తున్నావని. చెడితే అప్పుడు వింటాగా."

అత్తయ్య చేతిలో ఏది ఉంటే అది విసిరేది. ముందు అది మెత్తటిదో కాదో చూసుకుని.

నేను కాలేజీ మూడో ఏట మానేశాను. కారణాలు ఇక్కడ అనవసరం. మోటర్లకి డ్రైవులు బిగించే ఒక కంపెనీలో కాంట్రాక్టు మీద చేరాను. పంపుహౌసులో మూడు మోటర్లకీ డ్రైవులు పెట్టింది మా కంపెనీయే. వాటి సర్వీసు నాది. జరిగిన తప్పు ఆ డ్రైవు పెట్టెల్లోనే ఉంది కాబట్టి అవి ఏం చేస్తాయో చెప్పాలి.

మనకొచ్చే కరెంటు సెకనుకి యాభైసార్లు ఊగుతుంది. మోటరు ఆ ఊపుకి కట్టుబడి తిరుగుతుంది. ఊపు మారనంతకాలం దాని వేగమూ మారదు. ఊళ్ళో అందరూ నీళ్ళు పట్టుకునే వేళైనా, ఎవరూ పట్టుకోని వేళైనా అదే పరుగు. నీళ్ళు తగ్గించాలంటే ఒకటే దారి, వాల్వు సగం మూసెయ్యడం. అంటే మనిషి గొంతు పట్టుకుని పరిగెత్తమనడం. మోటరు పరిగెడుతూనే ఉంటుంది, కరెంటు తింటూనే ఉంటుంది, వాల్వు మొత్తుకుంటూ ఉంటుంది.

డ్రైవు ఈ ఊపునే మారుస్తుంది. వచ్చిన కరెంటుని ముందు ఊపు లేకుండా తిన్నగా చేసి నిలవ పెట్టుకుంటుంది. తర్వాత దాన్ని సన్నవీ వెడల్పువీ ముక్కలుగా కోసి, వరుసగా పేర్చి మోటరుకి పంపుతుంది. ఆ ముక్కల వరుస మోటరుకి కొత్త ఊపులాగే అనిపిస్తుంది. ముప్ఫై అయిదు ఊపులు పంపితే ఆ వేగం, నలభై పంపితే ఆ వేగం. ఊపు తగ్గించినప్పుడు వోల్టేజీ కూడా దాంతోపాటే తగ్గిస్తుంది, లేకపోతే మోటరు వేడెక్కి మాడుతుంది. పంపుని అయిదో వంతు నెమ్మది చేస్తే కరెంటు దాదాపు సగానికి పడిపోతుంది. ఇందులో మోసం లేదు, లెక్కే అంత.

ఇబ్బంది ఒక్కటే. మా డ్రైవు సెకనుకి నాలుగు వేలసార్లు కోసేది. ఆ కోతకి మోటరు లోపలి ఇనుము సన్నగా అదిరి ఈల వేసేది. చెవి పక్కన వాలీ వాలకుండా తిరిగే దోమ లాంటి ఈల. మోటర్లు నడిపే ఆపరేటరు రెండు రోజుల్లో అలవాటు పడ్డాడు. మామయ్య పడలేదు.

"ఒరేయ్ అల్లుడూ" అన్నాడు ఒకరోజు ప్యానెల్ దగ్గరికి వచ్చి. "నీ డ్రైవు బంగారం. వాల్వు ఏడుపు మానింది, పైపులు అదరడం మానాయి. ఆ ఈల మాత్రం తీసెయ్."

"ఈలతో నష్టం ఏం లేదు మామయ్యా."

"నీకు లేదు. స్క్రూడ్రైవరు పెడితే బేరింగు మాట వినబడటం లేదురా. పక్కనే రేడియో పెద్దగా పెట్టి ఫోను మాట్లాడమన్నట్టుంది." అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "రెండు నెలలుగా ఊరికే నిలబడుతున్నాను. చూసేవాళ్ళు వింటున్నాననుకుంటున్నారు. సిగ్గుగా ఉంది."

ఆయన నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి. నేను పాస్‌వర్డు కొట్టి, కోత వేగం అంకెని నాలుగు వేల నుంచి పన్నెండు వేలకి మార్చాను, మూడు డ్రైవుల్లోనూ. అరనిమిషం పని. "ఈల పోయింది" అన్నాడు ఆపరేటరు.

మామయ్య మొదటి మోటరుకి స్క్రూడ్రైవరు ఆనించి కళ్ళు మూసుకున్నాడు. తెరిచాక "ఇదిగో, ఇప్పుడు మాట్లాడుతోంది" అన్నాడు. ఆ రోజు నాకు రెండు టీలు తాగించాడు.

ఆ అంకె మార్చాలంటే మా కంపెనీ అనుమతి కావాలి. మార్చాక సర్వీసు కాగితంలో రాయాలి. అనుమతి అడగలేదు, కాగితంలో రాయలేదు. అంకే కదా అనుకున్నాను.

ఏడు నెలలకి ఒకటో మోటరు బేరింగు పోయింది. పోయే ముందు మామయ్యకి వినబడింది కానీ అర్థం కాలేదు. "ఇదేదో కొత్త భాషరా. మట్టి పడితే గతుకుల దారిలా ఉంటుంది చప్పుడు. ఇది పేర్చిన రాళ్ళ మీద బండి చక్రం వెళ్ళినట్టు ఒకే తీరుగా ఉంది" అన్నాడు. తెలియని జబ్బుకి తెలిసిన మందు వేశాడు, గ్రీజు కాస్త ఎక్కువ పెట్టాడు. మరో మూడు నెలలకి మూడో మోటరు. ఇంకో రెండు నెలలకి మళ్ళీ ఒకటోదే. ఆ రోజు పల్లంలో ఉన్న ఇళ్ళకి తప్ప ఎవరికీ సాయంత్రం దాకా నీళ్ళు అందలేదు.

పంపుహౌసు మీద అధికారి అయిన ఇంజనీరమ్మ మామయ్యకి మెమో ఇచ్చింది. ఆమె మనిషి కఠినమే కానీ కక్ష ఉన్న మనిషి కాదు. ఇరవై ఆరేళ్ళలో లేనిది ఏడాదిలో మూడుసార్లు జరిగితే ఎవరైనా ముందు గ్రీజు పెట్టే చేతినే చూస్తారు. మెమోలో రెండే ముక్కలు: గ్రీజు పెట్టడంలో అశ్రద్ధ కనబడుతోంది, ఇంకొక్క బేరింగు పోతే యంత్రాల పని నుంచి తప్పించి స్టోరులో కూర్చోబెడతాం. మామయ్య రిటైరవడానికి అప్పటికి పద్నాలుగు నెలలుంది.

ఆయన ఇంట్లో ఏమీ అనలేదట. అత్తయ్యే నన్ను వంటింట్లోకి పిలిచి చెప్పింది. "ఆ కాగితం వచ్చిన దగ్గర్నుంచీ ఒక్కసారి పిలిస్తేనే పలుకుతున్నారురా. నాకు భయంగా ఉంది."

ఆ ఆదివారం మామయ్య పోయిన బేరింగుని కోయించి తెచ్చాడు. పెరట్లో పీట మీద కూర్చుని, కిరసనాయిలు గుడ్డతో బయటి కడియం లోపలి వైపు తుడిచి నా చేతిలో పెట్టాడు. అద్దంలా మెరవాల్సిన ఉక్కు మీద బూడిద రంగు గీతలు. దువ్వెన పళ్ళలా, ఒకదాని పక్కన ఒకటి, సమానంగా.

"గ్రీజు లేక పోయినది మాడి నీలం రంగు తిరుగుతుంది. మట్టి పడినది అడ్డదిడ్డంగా గీసుకుపోతుంది. ఇదేంటిరా? ఎవరో స్కేలు పెట్టి గీసినట్టు! నీకేమైనా తెలుసా?"

తెలుసు. మా ట్రైనింగులో ఇలాంటి ఫోటో చూపించారు. డ్రైవు కోసిన ప్రతిసారీ ఇరుసు మీదికి కాస్త కరెంటు ఎక్కుతుంది. అది నేలకి పోవడానికి దారి వెతుక్కుంటుంది. దగ్గరి దారి బేరింగే. గ్రీజు పొరని చీల్చుకుని కంటికి కనబడని నిప్పురవ్వలా దూకుతుంది, దూకిన చోట ఉక్కు మీద సూదిమొనంత గుంట పడుతుంది. నాలుగు వేల కోతలప్పుడు కూడా కాస్తో కూస్తో ఉండేదే. నేను దాన్ని మూడింతలు చేశాను. గుంటలు పెరిగి గీతలయ్యాయి.

"తెలీదు మామయ్యా" అన్నాను.

ఆ మాట మీద పదకొండు రోజులున్నాను. ఆ నెలలోనే నా కాంట్రాక్టు తిరగరాయాలి. అదొక్కటే కారణం. దీనికి వేరే రంగు పుయ్యను.

ఆ పదకొండు రోజుల్లో మామయ్య గ్రీజుని తూకం వేసి పెట్టడం మొదలుపెట్టాడు, ఒకసారి తూచి, నమ్మకం లేక మళ్ళీ తూచి. ఆపరేటరు ముందు రెండు చేతులూ చాచి "వణుకుతున్నాయేమో చూడు" అని అడిగాడు. ఆపరేటరు నవ్వాలో వద్దో తెలియక నా వైపు చూశాడు. పదకొండో రోజు మామయ్య చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చి, పంపుహౌసు మెట్ల మీద కూర్చుని నాకు ఒక కాగితం చూపించాడు. ఒక గీత ఎడమ నుంచి తిన్నగా వచ్చి, కుడి చివర కిందికి జారిపోయింది.

"సన్నటి శబ్దాలు నాకు అందవట. ఈ వయసుకి మామూలేనట." కాగితం మడిచాడు. "మామూలేనని ఆయనంటాడు. ఎప్పట్నుంచి అందడం లేదో మరి. ఇన్నాళ్ళూ సగమే విని, అంతా విన్నాననుకున్నానేమోరా."

అప్పుడు చెప్పేశాను. అంకె, కోత, ఇరుసు మీదికెక్కే కరెంటు, గీతలు, అన్నీ. పదకొండు రోజుల సంగతి కూడా.

ఆయన మడిచిన కాగితాన్ని మళ్ళీ విప్పి, కిందికి జారిన గీత మీద వేలు పెట్టాడు.

"అయితే ఆ ఈల ఆగలేదన్నమాట."

"ఆగలేదు. నీ చెవికి అందనంత సన్నబడింది."

"నీకు వినబడుతోందా?"

"వినబడుతోంది."

"మొదట్నుంచీ?"

"మొదట్నుంచీ."

కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననీ అనుకున్నాను. లేచి బట్టలు దులుపుకున్నాడు. "అడిగింది నేను, చేసింది నువ్వు. ముందు దాన్ని దించు, పద. నీ కాంట్రాక్టు కాగితం చేతికొచ్చేదాకా ఎవరితోనూ అనకు. నాదేముంది, పద్నాలుగు నెలలు. స్టోరులో కూర్చున్నా గడుస్తుంది."

అంకెని నాలుగు వేలకి దించాను. "దోమ మళ్ళీ వచ్చిందే!" అన్నాడు ఆపరేటరు. మామయ్య స్క్రూడ్రైవరు పెట్టి నిమిషం నిలబడి తీసేశాడు. ఈల తప్ప ఏమీ లేదు. బేరింగులు బతకాలంటే ఆయన చెవి పని మానుకోవాలి. ఇంతకీ తేలింది అది.

రెండు రోజులు ప్యానెల్ చుట్టూ తిరిగి, మూడో రోజు అడిగాడు. "మోటరు ఆపినప్పుడు ఈల ఎప్పుడు పోతుంది?"

"డ్రైవు వేగం తగ్గిస్తూ తగ్గిస్తూ ఆపుతుంది. చివరిదాకా ఉంటుంది."

"అలా కాకుండా ఉన్నపళంగా చెయ్యి వదిలేస్తే?"

"కోత ఆ క్షణమే ఆగిపోతుంది. మోటరు తన ఊపుకి తను తిరిగి తిరిగి ఆగుతుంది."

"ఈల లేకుండా?"

"ఈల లేకుండా."

"ఎంతసేపు?"

వాల్వు మూసి, చెయ్యి వదిలేసేలా డ్రైవుని మార్చి, గడియారం పట్టుకుని చూశాం. పద్దెనిమిది సెకన్లు. సోమవారం సోమవారం ఎలాగూ ఒక పంపు ఆపి ఇంకో పంపు నడుపుతారు, అప్పుడు వినొచ్చు. మామయ్య ఆ అంకెని నోట్లోనే రెండుసార్లు అనుకున్నాడు. "చాలు. ఎక్కువ మాట్లాడేవాళ్ళు నాకూ ఇష్టం లేదు" అన్నాడు.

మొదటి సోమవారం రెండో మోటరు వంతు. అప్పటిదాకా ఒక్కసారి కూడా పేచీ పెట్టనిది అదే. విన్నాడు. "మళ్ళీ నడిపి ఆపు" అన్నాడు. మూడోసారి కూడా అడిగాడు. స్క్రూడ్రైవరు దించేసరికి ఆయన మొహంలో రంగు లేదు.

"ఇదీ ఆ భాష మొదలుపెట్టింది. చాలా మెల్లగా."

నేను ఆలోచించకుండానే అనేశాను. "ఎవరికీ చెప్పొద్దు మామయ్యా. కోత తగ్గించాం కదా, ఇక పెరగదేమో. పద్నాలుగు నెలలు లాగేస్తుంది."

"లాగదు. ఒకసారి గీత పడ్డాక గుండు తిరిగిన ప్రతిసారీ దాన్నే తడుతుంది. ఏ మండుటెండలోనో పట్టేస్తుంది. అప్పుడు ఊరికేం తాగిస్తావ్, నీ పాస్‌వర్డా?" అని ఇంజనీరమ్మ గది ఉన్న మేడ మెట్లెక్కాడు. నేను వెనకే వెళ్ళాను.

ఇంజనీరమ్మ మొత్తం విని కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "మేస్త్రిగారూ, నిన్ననే అదురు కొలిచే మీటరు పెట్టించాను. రెండోది హద్దులోనే ఉంది."

"మీటరుది తప్పనడం లేదు మేడం. దానికింకా తెలియలేదంతే."

ఆమె నవ్వలేదు. "మెమోలో ఏం రాశానో గుర్తుందా? విప్పాక లోపల ఏమీ లేకపోతే, మీ చెవి మాట పట్టుకుని ఊరి పంపు ఒకరోజు ఆపినట్టు. ఉంటే, అది నాలుగో బేరింగు. రెండు విధాలా మీకే దెబ్బ."

"తెలుసు మేడం. విప్పమనే అంటున్నాను."

అప్పుడు నోరు విప్పాను. ధైర్యం కాదు. ఆ గదిలో ఆయన పక్కన ఊరికే నిలబడటం ఇక చేతకాలేదు. ఏ అంకె, ఏ రోజు, ఎవరి అనుమతి, ఎక్కడ రాశావు అని ఆమె ఒక్కొక్కటే అడిగింది. అనుమతి అడగలేదని, ఎక్కడా రాయలేదని చెప్పాను. "అడిగింది నేను మేడం" అని మామయ్య అడ్డుపడబోయాడు.

"అడగడం తప్పు కాదు మేస్త్రిగారూ. ఈల ఇబ్బందిగా ఉందని నాకు చెప్పి ఉండాల్సింది, అది వేరే సంగతి." నా వైపు తిరిగింది. "అంకె మార్చింది ఒక పొరపాటు. మూడు బేరింగులకి ఈయన్ని దోషిని చేస్తుంటే చూస్తూ కూర్చున్నావే, దాన్ని ఏమనాలి?"

ఏమనాలో నాకు తెలుసు. ఆ సాయంత్రమే ఆమె మా కంపెనీకి ఉత్తరం రాసింది. కాంట్రాక్టు నెలాఖరుతో సరి అని వాళ్ళు నాకు చెప్పారు. సరైన పనే చేశారు. మెమో సంగతి మాత్రం ఆమె తేల్చలేదు. "రేపు విప్పండి. చూశాక చెప్తాను" అంది.

మర్నాడు పొద్దున్న రెండో మోటరు విప్పారు. మామయ్యే బేరింగు లాగాడు, వర్కుషాపువాళ్ళు కోసి తెచ్చారు. కిరసనాయిలుతో కడిగి బల్ల మీద పెడితే బయటి కడియం అద్దంలా మెరుస్తోంది. గీత లేదు. ఆపరేటరు గొంతు సవరించుకున్నాడు. మామయ్య ఒక్కసారిగా ముసలివాడైపోయినట్టు కనబడ్డాడు. డాక్టరు కాగితం మీద కిందికి జారిన గీత ఆయనకి ఆ క్షణంలో గుర్తొచ్చే ఉంటుంది.

కడియాన్ని చేతిలోకి తీసుకుని కిటికీ దగ్గరికి నడిచాడు. వెలుగుకి ఎదురుగా పట్టుకున్నాడు. లేదు. కొంచెం వాల్చాడు. లేదు. ఇంకాస్త వాల్చి ఆగాడు. వెనక్కి తిరగకుండానే, "మేడం, ఒకసారి ఇటు రండి" అన్నాడు.

గీతలు గాజు మీద ఊదితే పట్టే ఆవిరంత పలచగా ఉన్నాయి. వాలు తప్పితే మాయమైపోతున్నాయి. ఇంజనీరమ్మ చాలాసేపు చూసి, కళ్ళని నమ్మనట్టు చూపుడువేలి గోటిని ఆ ఉక్కు మీద మెల్లగా లాగింది. గోరు చిన్నగా తట్టుకుంది. మళ్ళీ తట్టుకుంది. అంతే ఎడంలో మళ్ళీ.

ఆమె కడియాన్ని ఆయన చేతికిచ్చి, "మూడోదాన్ని ఎప్పుడు వింటారు?" అంది.

"వాల్వు మూసి ఆపాలి మేడం. మిట్ట మీద ఇళ్ళకి కాసేపు నీళ్ళు రావు."

"రాకపోతే రాకపోనీండి. ఫోన్లొస్తే నేను మాట్లాడతాను. మెమో వెనక్కి తీసుకుంటూ ఇవాళ కాగితం పంపిస్తాను" అని ఆమె మెట్లెక్కి వెళ్ళిపోయింది.

మామయ్య కొత్త బేరింగు పెట్టె ముందు వేసుకుని కూర్చున్నాడు. నూనె కాగితం అంచు పట్టుకుని రెండుసార్లు లాగాడు, ఊడలేదు. రెండు చేతులూ ముందుకి చాచి చూసుకున్నాడు. నా మొహం వైపు చూడకుండా పెట్టెని నా ముందుకి జరిపాడు. నేను కాగితం విప్పి ఇచ్చాను.